మూత తెరిచే ఉంది

సోమవారం పదిన్నరకి లాప్‌టాప్ రిపేరు షాపు పెద్దమేస్త్రీ టీ తాగడానికి వెళ్ళి పదకొండు నిమిషాల్లో తిరిగొచ్చాడు. ఆ పదకొండు నిమిషాల గురించే నాలుగు రోజులు తగువు నడిచింది.

వెళ్ళేటప్పుడు బల్ల మీద సర్వేయరు గారి లాప్‌టాప్ ఉంది. పన్నెండేళ్ళనాటిది. మెట్ల మీంచి జారి స్క్రీన్ పగిలింది. కొత్తది కొనుక్కోమంటే సర్వేయరు వినలేదు. ఆయన గీసిన మ్యాపులు ఆ పాత మెషీన్లో తప్ప ఇంకెందులోనూ తెరుచుకోవట. శుక్రవారం ఏదో పొలం హద్దుల తగాదా మీద విచారణ ఉంది. ఆలోగా కావాలి. మేస్త్రీ బయటికి వెళ్ళేసరికి ఫోన్లావిడ పగిలిన స్క్రీన్ విప్పుతోంది. తిరిగొచ్చేసరికి కొత్త స్క్రీన్ దాని చోట బిగించి ఉంది. చుట్టూ వచ్చే ప్లాస్టిక్ చట్రం ఒక్కటే మిగిలింది.

"ఆన్ చేసి చూశానండీ. బొమ్మ వచ్చింది," అంది ఫోన్లావిడ. "ఆపేశాను. ఇక చట్రం పెట్టేస్తాను."

ఆమె ఆ షాపులో చేరి ఇరవై ఆరు రోజులైంది. అంతకుముందు ఏడేళ్ళు ఫోన్లు బాగుచేసే కౌంటర్లో కూర్చుంది. మేస్త్రీ మొదటి రోజే ఆ పేరు పెట్టాడు. ఎదురుగా ఉంటే "ఏమ్మా" అనేవాడు, లేకపోతే "ఫోన్లావిడ". నెల రోజులు చూసి, శుక్రవారంతో ఉంచడమో పంపడమో తేలుస్తానని యజమానురాలు చెప్పింది. తేల్చేది యజమానురాలే అయినా అడిగేది మేస్త్రీనే అని ముగ్గురికీ తెలుసు.

మేస్త్రీ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. లాప్‌టాప్ పక్కన తెల్లకాగితం ఉంది. దాని మీద పెన్సిల్‌తో స్క్రీన్ ఆకారం గీసింది. చట్రం లోంచి తీసిన ఆరు స్క్రూలనీ, ఏది ఎక్కడ నుంచి తీసిందో అక్కడే, టేపు ముక్కలతో అతికించింది.

"ఇదేంటమ్మా, డ్రాయింగ్ క్లాసా?"

"కింద రెండూ పొడుగువండీ. మారిపోకుండా."

"మనం ఇక్కడ కాగితాల మీద స్క్రూలు పెట్టం." ఒక్కొక్క టేపు ముక్కా లేపి ఆరు స్క్రూలూ తీశాడు. జేబులోంచి అయస్కాంతం తీశాడు. పెద్ద నాణెమంత ఉంటుంది, పాత స్పీకర్లోది. యజమానురాలి నాన్న ఈ షాపు నడిపే రోజుల్లో ఇచ్చాడు. స్క్రూ పోగొట్టుకున్నవాడు పేరు పోగొట్టుకున్నట్టే అనేవాడాయన. మేస్త్రీ ఇన్నేళ్ళలో ఒక్క స్క్రూ పోగొట్టుకోలేదు. ఆరింటినీ దానికి అంటించి, టైపు చేసేటప్పుడు ఎడమ మణికట్టు ఆనే చోట పెట్టాడు. ఏ మెషీన్ విప్పినా దాని చోటు అదే. "ఇప్పుడు ఆన్ చెయ్యి. నా ముందు."

ఆమె బటన్ నొక్కింది. ఫ్యాన్ తిరిగింది. బటన్ పక్కన దీపం వెలిగింది. స్క్రీన్ నల్లగా ఉంది.

"ఏదీ బొమ్మ?"

"ఇందాక వచ్చిందండీ."

"ఇందాక వచ్చింది, నన్ను చూసి సిగ్గుపడి లోపలికి వెళ్ళిపోయిందా?"

ఆమె ఆపి మళ్ళీ ఆన్ చేసింది. నలుపే. మేస్త్రీ బల్లదీపం ఆర్పి, టార్చి వెలిగించి స్క్రీన్ మీదికి ఏటవాలుగా పట్టాడు. వంగి చూస్తే నలుపు వెనక బొమ్మ లీలగా కనిపిస్తోంది. అంటే స్క్రీన్ పనిచేస్తోంది. వెనక నుంచి వెలుగు రావడం లేదు. ఆ వెలుక్కి కరెంటు ఒక ఫ్యూజు గుండా పోతుంది. బియ్యపు గింజలో సగముంటుంది. బ్యాటరీ తియ్యకుండా స్క్రీన్ కేబుల్ పెడితే మొదట పోయేది అదే.

"కేబుల్ పెట్టేటప్పుడు బ్యాటరీ తీశావా?"

"తీశానండీ. ఆన్ చేసి చూడటానికి మళ్ళీ పెట్టాను."

"నేను చూడలేదు."

"మీరు లేరు కదా అన్నయ్యగారూ."

మాటకి మాట తయారుగా ఉందనుకున్నాడు మేస్త్రీ. నిజం చెప్పేవాళ్ళు కాస్త తడబడతారు. ఈవిడ తడబడలేదు. అది కూడా ఆయన లెక్కలో వేసుకున్నాడు.

మంగళవారం పొద్దున్నే లాప్‌టాప్ తన బల్ల మీదికి మార్చుకున్నాడు. అడుగు భాగం విప్పాడు. కీబోర్డు లేపాడు. బోర్డు మీద ఫ్యూజు దొరకబుచ్చుకుని మీటరు ముళ్ళు రెండు కొసలకీ ఆనించాడు. మీటరు కూసింది. ఫ్యూజు బాగానే ఉంది.

మెకానిక్‌కి ఫ్యూజు బాగుంటే సంతోషం కలగాలి. ఆయనకి కలగలేదు. ముళ్ళు తుడిచి మళ్ళీ ఆనించాడు. మళ్ళీ కూసింది.

కేబుల్ తీసి ఒక్కో తీగా ఈ కొస నుంచి ఆ కొసకి చూశాడు. బాగుంది. అన్నీ బిగించి, చట్రం స్క్రూలున్న అయస్కాంతాన్ని దాని చోట పెట్టి ఆన్ చేశాడు. నలుపు. బయటి మానిటర్ తగిలించాడు. మానిటర్లో సర్వేయరు గారి మ్యాపు నిక్షేపంలా వచ్చింది. లాప్‌టాప్ స్క్రీన్ మాత్రం నలుపే.

ఫోన్లావిడ తన బల్ల దగ్గర ఒక కీబోర్డు తుడుస్తోంది. చేతులు కీబోర్డు మీదా, కళ్ళు ఇటూ.

"మూత సెన్సర్ ఏమైనా అయ్యుంటుందా అండీ?" అంది. "మూత మూస్తే స్క్రీన్ ఆరిపోవడానికి ఉంటుంది కదా, అది."

"మూత తెరిచే ఉంది. కనబడటం లేదా?"

"తెరిచే ఉంది. కానీ దానికి మూసినట్టు అనిపిస్తుందేమో అని."

"దానికి అనిపించడమేంటమ్మా? మనకా అనిపించడాలు?" అన్నాడు మేస్త్రీ. "నీ పని చూసుకో."

కౌంటర్ దగ్గర ఎవరో నవ్వారు. ఆమె తల దించుకుని కీబోర్డులోంచి దుమ్ము ఊదింది.

మధ్యాహ్నం స్క్రీన్‌ని బట్టలో చుట్టి విడిభాగాల షాపుకి తీసుకెళ్ళాడు. అక్కడి ముసలాయన దాన్ని తన మెషీన్‌కి తగిలించగానే భళ్ళున వెలిగింది.

"నా సరుకు మీద అనుమానమా?" అన్నాడు ముసలాయన.

"నీ మీద కాదులే."

"మరెవరి మీద?"

మేస్త్రీ స్క్రీన్ వెనకున్న నంబరు చీటీ మీద రాసుకున్నాడు. రేపు దీని స్థానంలో ఇంకోటి కనబడితే పట్టుకోవాలి కదా. షాపుకి వచ్చాక బిగించి చూశాడు. నలుపు. ఫోన్లావిడ సంచీ ఎప్పట్లా రెండు బల్లల మధ్యా నేల మీద ఉంది. దాన్ని కాలి వేళ్ళతో అవతలికి నెట్టాడు. తలెత్తితే ఆమె చూస్తోంది. లేచి వచ్చి సంచీ తీసుకుని, తన కుర్చీ వీపుకి తగిలించుకుంది.

"ఒకసారి నేను చూడనా అండీ?" అంది. "మీ ముందే చూస్తాను."

"చూసింది చాలు. ఇంకా ఏం మిగిల్చావని?"

ఆ సాయంత్రం నుంచి లాప్‌టాప్‌ని బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి చొక్కా జేబులో వేసుకోవడం మొదలుపెట్టాడు. భోజనానికి లేచినా తాళమే. ఫోన్లావిడ ఒక్కసారి కూడా అటు చూడలేదు. చూడకపోవడం కూడా ఆయనకి నచ్చలేదు. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకుంటాడంటారు. ఆరితేరినవాళ్ళు తడుముకోరు.

బుధవారం మీటరుతో చివరి కొలత తీశాడు. స్క్రీన్ వెనక వెలుగు పెట్టమని బోర్డు నుంచి ఒక తీగ మీద చిన్న కరెంటు రావాలి. మెషీన్ ఆన్‌లో ఉంది, ఆ కరెంటు రావడం లేదు. స్క్రీన్ మంచిది, కేబుల్ మంచిది, ఫ్యూజు మంచిది, కరెంటు మాత్రం రాదు. అంటే బోర్డు మీద ఏదో చిప్పు పోయింది. సోమవారం పదిన్నర దాకా అది పోలేదు. పదీ నలభై ఒకటికి పోయింది. మధ్యలో దాని దగ్గరున్నది ఒక్కరే.

సర్వేయరు ఫోన్ చేశాడు. "వైద్యం చేస్తున్నారా, పోస్టుమార్టమా?"

"రేపు ఇంటికొచ్చి చెబుతానండీ."

"అంటే పోస్టుమార్టమే," అని పెట్టేశాడు.

సాయంత్రం మేస్త్రీ కౌంటర్ వెనక్కి వెళ్ళాడు. యజమానురాలు పెట్టెల మీద చీటీలు అంటిస్తోంది.

"బోర్డు పోయింది తల్లీ. బ్యాటరీ ఉండగానే కేబుల్ పెట్టింది ఆవిడ. ఫోన్ల దగ్గర అలవాటైన తొందర."

"నువ్వు చూశావా బాబాయ్?"

"ఇరవై రెండేళ్ళ నుంచి ఈ పనిలో ఉన్నాను."

"ఎన్నేళ్ళని అడగలేదు. చూశావా అన్నాను."

"నిప్పు లేందే పొగ రాదు కదమ్మా. పైగా తీశానని అబద్ధం. చెయ్యి జారితే సర్దుకోవచ్చు, నోరు జారేవాళ్ళతో ఎలా?"

యజమానురాలు చేతిలో చీటీ అంటించి, బొటనవేలితో నాలుగు మూలలూ నొక్కింది. "ఆవిడ ఉద్యోగం బాబాయ్. ఆ ఫోన్ల కౌంటర్ మూసేశాక ఇది మూడో చోటు."

"నీ ఇష్టం. నా బల్ల పక్కన మాత్రం వద్దు."

"సరే," అంది. "నాన్న ఉన్నా నీ మాటే వినేవాడు. రేపు చెబుతాను."

మేస్త్రీ బల్ల దగ్గరికి వచ్చి లాప్‌టాప్ బీరువాలో పెట్టాడు. అయస్కాంతం, దాని ఆరు స్క్రూలూ ఎప్పుడూ జేబులోనో బల్ల మీదో ఉండేవి. ఆ రోజు వాటిని కూడా సొరుగులో వేసి తాళం వేశాడు. ఉద్యోగం పోతుందని తెలిసిన మనిషి ఏం చేస్తుందో ఎవరికి తెలుసు?

గురువారం పది గంటలకి బీరువా తెరిచి, లాప్‌టాప్ ఒక చేత్తో, మానిటర్ ఇంకో చేత్తో పట్టుకుని, కేబుళ్ళ సంచీ భుజాన వేసుకుని సర్వేయరు ఇంటికి వెళ్ళాడు. స్క్రీన్ పోతే పోయింది, విచారణకి మానిటర్ తగిలించుకుని పని కానివ్వవచ్చని చెప్పాలి. తిట్లు తినడానికి మనసులో తయారయ్యే వెళ్ళాడు.

భోజనాల బల్ల నిండా చుట్టిన మ్యాపులు. సర్వేయరు ఒక మూల ఖాళీ చేశాడు. మేస్త్రీ లాప్‌టాప్ తెరిచి, బటన్ నొక్కి, మానిటర్ కేబుల్ కోసం సంచీలోకి వంగాడు.

"వెలుగుతోందిగా," అన్నాడు సర్వేయరు.

మేస్త్రీ తలెత్తాడు. స్క్రీన్ నిండా బొమ్మ. ఒక మూల నుంచి ఇంకో మూలకి ఎక్కడా మచ్చ లేదు.

"బోర్డు పోయిందన్నారట? షాపుకి ఫోన్ చేస్తే చెప్పారు."

"అన్నానండీ."

"మరి ఇదేంటి, దాని ఆత్మా?"

మేస్త్రీ ఆపి ఆన్ చేశాడు. వెలిగింది. మూత అటూ ఇటూ కదిపాడు. కేబుల్ దగ్గర వేలితో నొక్కాడు. వెలుగుతూనే ఉంది. సర్వేయరు మ్యాపు తెరిచి హద్దురాళ్ళు లెక్క చూసుకున్నాడు. ఇరవై నిమిషాలు మేస్త్రీ పక్కనే నిలబడి, ఎప్పుడు ఆరిపోతుందా అని చూశాడు. ఆరలేదు.

పాడైనది దానంతట అది బాగుపడదు. ఎవరో బాగుచేశారు. ఎవరో ఆయనకి తెలుసు. పాడు చేసి, దొరికిపోతానని భయపడి, పొద్దున్నే వచ్చి గుట్టుగా సరిచేసింది. గురువారాలు షాపు తెరిచేది ఆవిడే. బీరువా తాళంచెవి రాత్రంతా తన చొక్కాలో ఉందన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. అయితే మారు తాళంచెవి చేయించి ఉంటుంది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్నట్టు ఆయన ఆలోచన తాళాలు తెరుచుకుంటూ పోయింది.

"చట్రం బిగించాలి. గంటలో తెస్తాను," అన్నాడు.

"వెలుగుతున్నదాన్ని మళ్ళీ పట్టుకెళ్తారా?" సర్వేయరు గోడ గడియారం వైపు చూశాడు. "గంటే. నేను గడియారం ముందే కూర్చుంటాను."

షాపులోకి అడుగుపెట్టేసరికి ఫోన్లావిడ తన పనిముట్లు గుడ్డలో చుడుతోంది. చిన్న పట్టకారు, దాని పక్కన పెద్దది, నాలుగు స్క్రూడ్రైవర్లు. ఒక్కోటీ పెట్టి ఒక చుట్టు చుడుతోంది. యజమానురాలు చెప్పేసినట్టుంది.

మేస్త్రీ లాప్‌టాప్ బల్ల మీద పెట్టి ఆన్ చేశాడు. వెలిగింది. ఆమె చెయ్యి ఆగింది.

"ఏం చేశావు దీన్ని?"

"నేనా?"

"పొద్దున్న."

"అది మీ బీరువాలో ఉంది. తాళం మీ జేబులో ఉంది," అంది. "గాలినై దూరానా అన్నయ్యగారూ?"

జవాబు తర్వాత చెప్పవచ్చులే అనుకున్నాడు. ముందు చట్రం బిగించాలి, గంటలో ఇచ్చిరావాలి. సొరుగు తాళం తీశాడు. అయస్కాంతం బయటికి తీసి ఆరు స్క్రూలూ ఉన్నాయని చూసుకుని, ఎప్పటిలాగే, ఎడమ మణికట్టు ఆనే చోట పెట్టాడు.

స్క్రీన్ ఆరిపోయింది.

ఆయన వేళ్ళు ఇంకా అయస్కాంతం మీదే ఉన్నాయి. తర్వాత దాన్ని ఎత్తాడు. స్క్రీన్ వెలిగింది. పెట్టాడు. ఆరింది. జానెడు పక్కకి జరిపాడు. వెలిగింది.

ఈ పనిలో ఉన్నవాళ్ళందరికీ తెలిసిన సంగతే. మూత చట్రంలో బఠాణీ గింజంత అయస్కాంతం ఉంటుంది. మూత మూస్తే అది కీబోర్డు పక్కనున్న సెన్సర్ మీదికి వస్తుంది. అయస్కాంతం వచ్చిందంటే మూత మూశారని మెషీన్ అనుకుని వెలుగు ఆపేస్తుంది. ఒక్కో రకంలో సెన్సర్ ఒక్కో చోట ఉంటుంది. ఇందులో ఎడమ మణికట్టు కింద ఉంది. సోమవారం నుంచి ఆ మెషీన్ మూత మూసే ఉందనుకుంటోంది. దానికి అలా చెబుతూ వచ్చింది ఆయనే.

ఫోన్లావిడ వచ్చి పక్కన నిలబడింది. గుడ్డ సగం చుట్టి చేతిలో ఉంది. ఆయన ఇంకోసారి పెట్టి, తీశాడు. ఆమె కోసమో తన కోసమో తెలియదు.

అప్పుడే యజమానురాలు కౌంటర్ వెనక నుంచి వచ్చింది. "అరె, వెలిగింది! ఏమైంది బాబాయ్ దానికి?"

కేబుల్ వదులు. రెండు మాటలు. ఇంకెవరూ ఏమీ అడగరు. కేబుల్ ఎవరు పెట్టారో అందరికీ తెలుసు. అయస్కాంతం ఆయన గుప్పిట్లో ఉంది. ఫోన్లావిడ స్క్రీన్ వైపు చూడటం లేదు, ఆయన మొహంలోకి చూస్తోంది. ఈ నాలుగు రోజులూ తాను ఆవిడ వైపు ఎలా చూశాడో ఆ చూపులో ఆయనకి కనిపించింది.

"నా అయస్కాంతం తల్లీ," అన్నాడు.

"అంటే?"

పెట్టి చూపించాడు. తీసి చూపించాడు. యజమానురాలు ఫక్కున నవ్వింది. "చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని సంతంతా వెతికినట్టు..." ఆ మాట అక్కడే ఆగిపోయింది. ఆమె గుడ్డలో చుట్టిన పనిముట్ల వైపు చూసింది.

"బ్యాటరీ తీసిందా మరి?"

"తీసే ఉంటుంది. బొమ్మ వచ్చిందంది, వచ్చే ఉంటుంది. నేను పెట్టాకే పోయింది. సెన్సర్ అని కూడా అంది. నేనే నోరు నొక్కాను."

యజమానురాలు ఆమె వైపు తిరిగింది. "పొద్దున నేనన్న మాట మర్చిపో. ఒకటో తారీఖు నుంచి నువ్వు ఇక్కడే."

"మర్చిపోతాను మేడం," అంది ఆమె. "ఒక్కటి చెప్పండి. ఈసారి అయస్కాంతం దొరికింది. దొరక్కపోతే?"

యజమానురాలు బాబాయ్ వైపు చూసింది. బాబాయ్ బల్ల వైపు చూశాడు. ఫోన్ మోగింది. ఎత్తకముందే ఎవరో తెలుసు. "ముప్పావుగంట అయింది," అంటోంది సర్వేయరు గొంతు. యజమానురాలు ఫోన్ పట్టుకుని కౌంటర్ దగ్గరికి నడిచింది.

మేస్త్రీ ఆరు స్క్రూలూ అయస్కాంతం మీంచి ఊడదీసి అరచేతిలో పోసుకున్నాడు. అయస్కాంతాన్ని తీసుకెళ్ళి బీరువా తలుపుకి అంటించాడు. టక్కుమంది. తిరిగొచ్చాక, అరచేతిలో స్క్రూలతో ఏం చెయ్యాలో తోచక నిలబడ్డాడు.

"ఒక కాగితం ఇస్తావా అమ్మా?"

ఆమె సంచీలోంచి ఒక కాగితం తీసింది. సోమవారంనాటిదే. స్క్రీన్ ఆకారం అలాగే ఉంది. టేపు లేపినచోట కాగితం పొర ఆరు చోట్ల చిరిగి ఉంది. బల్ల మీద పరిచింది. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని, పొడుగు రెండూ కింద, పొట్టివి పైనా పక్కలా పెట్టుకుంటూ వచ్చాడు. ఐదు పెట్టాడు. ఆరోది వేలి కొస నుంచి జారి, బల్ల అంచున ఒకసారి గెంతి, నేల మీద పడింది.

ఆయన మోకాళ్ళ మీద కూర్చుని బల్ల కింద తడిమాడు. దుమ్ము, తీగ ముక్కలు, ఒక పెన్ను మూత. స్క్రూ లేదు. ఆమె కాసేపు చూసింది. వెళ్ళి బీరువా మీంచి అయస్కాంతం ఊడదీసుకొచ్చి, వంగి, నేల మీద నెమ్మదిగా జరిపింది. కుర్చీ కాలి దగ్గర టిక్కుమంది.

"దీనికి వాడాలండీ ఇది," అంది.

ఆరో స్క్రూ కాగితం మీద దాని చోటికి వచ్చింది. మేస్త్రీ బల్ల పట్టుకుని లేచి, మోకాళ్ళు దులుపుకున్నాడు. పనిముట్ల గుడ్డ బల్ల మీద అలాగే ఉంది. ఆమె దాన్ని విప్పలేదు, సంచీలో పెట్టనూ లేదు. ఆయన తన స్క్రూడ్రైవర్ తీసి ఆమె వైపు పిడి తిప్పి కాగితం పక్కన పెట్టాడు. జేబులోంచి బీరువా తాళంచెవీ, సొరుగు తాళంచెవీ తీసి దాని పక్కన పెట్టాడు.

"నేను టీ తాగి వస్తాను," అన్నాడు.

రోడ్డుకి అవతల టీ కొట్టు బల్ల మీద ఎప్పుడూ షాపు కనిపించేలా కూర్చునేవాడు. లోపల ఎవరు ఏం చేస్తున్నారో అద్దంలోంచి తెలిసేది. ఆ రోజు అటువైపు వీపు పెట్టి కూర్చున్నాడు. సగం గ్లాసు అయ్యాక మెడ తిరగబోయింది. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, ఎదురుగా ఉన్న గోడ వైపే చూస్తూ మిగిలింది తాగాడు. తర్వాత ఇంకో టీ చెప్పాడు.